వైద్య కళాశాలల ప్రవేశాలు - మౌఖిక పరీక్ష : ఒక చారిత్రక పరిశీలన

వైద్య కళాశాలలో సీటు ఎవరికివ్వాలి, ఎవరిని కాదనాలి అన్న ప్రశ్న స్వతంత్ర భారతం పుట్టిననాటినుంచీ నలుగుతూనే ఉన్నది. రాజ్యాంగానికి జరిగిన మొట్టమొదటి సవరణకు దారితీసిన వివాదాలలో ఇదొకటి. నేడు ఈ ప్రశ్నకు ప్రభుత్వం చెప్పే సమాధానం ఒక్కటే: నీట్ అనే రాత పరీక్ష, 720 మార్కులు. 2016లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దీనిని దేశమంతటికీ తప్పనిసరి చేసింది. 2024లో దాదాపు 23 లక్షలమంది ఈ పరీక్ష రాశారు. మొదట ప్రకటించిన ఫలితాలలో 67 మందికి 720కి 720 మార్కులూ వచ్చాయి. ప్రశ్నపత్రం బయటపడిందన్న ఆరోపణలు, కొందరికి కలిపిన అదనపు మార్కులు, కోర్టు విచారణలు - వీటన్నింటితో ఆ పరీక్షమీద ఉన్న కాస్త గౌరవమూ సడలిపోయింది.

ఈ విసుగులోనుంచి ఒక కోరిక తలెత్తుతున్నది. "గడులలో చుక్కలు నింపినంత మాత్రాన డాక్టరవుతాడా? కుర్రవాణ్ణి ఎదుట కూర్చోబెట్టుకొని నాలుగు మాటలాడించండి. వాడికి దయ ఉన్నదో లేదో, రోగిని మనిషిగా చూడగలడో లేడో తెలిసిపోతుంది" అన్న వాదం మన అభ్యుదయ వర్గాలలోని అధ్యాపక మిత్రులు సైతం చేస్తున్నారు. ఆ కోరిక వెనుక ఉన్న బాధ నిజమైనది. యంత్రం దిద్దే పరీక్ష ముందు మనిషి మాయమయ్యాడన్న ఆక్షేపణను తోసిపుచ్చడానికి వీలులేదు. కాని ఇంటర్వ్యూ అన్నది కొత్తగా కనిపెట్టవలసిన ఉపాయం కాదు. మన దేశంలో దాన్ని ప్రయోగించారు. ఫలితాలు న్యాయస్థానాల తీర్పులలో నమోదై ఉన్నాయి. ఆ చరిత్రను చూడకుండా మళ్ళీ దానినే కోరుకోవడం ఉచితం కాదు.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. వైద్యశాస్త్రంతోగాని, న్యాయశాస్త్రంతోగాని నాకు వృత్తి సంబంధం లేదు. అయితే, మాట్లాడే తీరునుబట్టి మనిషికి విలువకట్టే వ్యవహారం భాష చదువుకున్నవాడికి పట్టనిది కాదు.

1

మొదట 1951కి వెళ్ళాలి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు నాలుగు. వాటిలో విశాఖపట్నం, గుంటూరు కళాశాలలు రెండూ తెలుగు గడ్డమీదివే. నాలుగింటికీ కలిపి సీట్లు 330. కమ్యూనల్ జి.ఓ. ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు - భారతీయ క్రైస్తవులకు 1, ముస్లింలకు 1 చొప్పున పంచేవారు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీం కోర్టు 1951 ఏప్రిల్ 9న ఈ పంపకం చెల్లదన్నది. అదే సంవత్సరం జూన్‌లో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి 15(4) అధికరణను చేర్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవారికి ప్రత్యేక సదుపాయాలు కల్పించే అధికారం రాజ్యానికి అలా వచ్చింది.

ఈ కథ అందరికీ తెలిసినదే. ఐతే ఆ 330 సీట్ల లెక్కలో అంతగా ఎవరి కంటా పడని అంకె ఒకటి ఉన్నది. అందులో 12 సీట్లు ప్రభుత్వం తన విచక్షణ కొద్దీ ఇచ్చుకోవడానికి అట్టేపెట్టుకొన్నది. వాదోపవాదాలన్నీ కులాల వంతుల చుట్టూ తిరిగాయి. విచక్షణ సీట్లు ఆ వాదానికి వస్తువే కాలేదు. కమ్యూనల్ జి.ఓ. మంచిదైనా చెడ్డదైనా అచ్చయిన కాగితం. ఎవరికి ఎంత అన్నది అందులో ఉన్నది. కనుకనే దాన్ని ప్రశ్నించగలిగారు. విచక్షణకు అటువంటి కాగితం ఉండదు. ఈ భేదాన్ని గుర్తుపెట్టుకుంటే తరువాతి చరిత్ర సులువుగా బోధపడుతుంది.

2

రెండవ ఘట్టం మైసూరు రాష్ట్రంలో జరిగింది. అక్కడ వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో 68 శాతం సీట్లు రిజర్వు చేసిన ఉత్తర్వును 1962లో, బాలాజీ కేసులో, సుప్రీం కోర్టు కొట్టివేసింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం రిజర్వేషన్లను తగ్గించి, వెనుకబాటుతనాన్ని ఆదాయాన్నిబట్టి, వృత్తినిబట్టి నిర్ణయిస్తూ కొత్త ఉత్తర్వు చేసింది. అదే 1963 జూలైలో ఎంపిక సంఘానికి ఒక లేఖ వెళ్ళింది. ఐచ్ఛిక విషయాలలోని గరిష్ఠ మార్కులలో 25 శాతానికి సమానమైన మార్కులను ఇంటర్వ్యూకు కేటాయించాలని ఆ లేఖ సారాంశం.

ఇంటర్వ్యూలో దేనిని చూడాలో అయిదు శీర్షికలు ఇచ్చారు. సామాన్య జ్ఞానం, అభిరుచి, వ్యక్తిత్వం, పూర్వపు చదువు, అందులో పొందిన విశేష గౌరవాలు, ఎన్.సి.సి., ఎ.సి.సి. వంటివి, ఆటలు, సంఘసేవ, వక్తృత్వ పోటీలు, నాటకాలు మొదలైన పాఠ్యేతర వ్యాపకాలు.

పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు ఈ అయిదింటికీ అర్థం చెప్పుకొని చూద్దాం. పూర్వపు చదువు అంటే, ఇదివరకే మార్కుల రూపంలో లెక్కకు వచ్చినది మళ్ళీ రెండవసారి లెక్కకు రావడం. ఎన్.సి.సి. అంటే, ఎన్.సి.సి. దళం ఉన్న కాలేజీలో చదివి ఉండడం. వక్తృత్వం, నాటకాలు అంటే, వాటికి తీరిక, వేదిక, ప్రోత్సాహం ఉన్న పట్నపు విద్యాసంస్థ. సెలవులలో తండ్రితో పొలానికి వెళ్ళేవాడికి, తల్లి బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చేయి కలిపే పిల్లకు ఆ పని పాఠ్యేతర వ్యాపకం కింద రాదు. వాళ్ళు రోజూ చేసే సంఘసేవకు సర్టిఫికెట్టు లేదు.

ఇక మిగిలింది వ్యక్తిత్వం. దీనినే మనస్తత్వశాస్త్ర గ్రంథాలలో మూర్తిమత్వం అంటున్నారు. మూర్తి అంటే కంటికి కనబడే రూపం. ఎంపిక సంఘం ముందు నిలిచేది కూడా అదే: ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, తడబాటు లేని ఉచ్చారణ, పెద్ద ఉద్యోగుల ముందు కూర్చోవడంలో ఇంట్లోనుంచి వచ్చిన అలవాటు. వర్గ సమాజంలో ఇవి ఎవరికి పుట్టుకతో వస్తాయో వేరే చెప్పనక్కరలేదు. గురజాడ "కన్యాశుల్కం"లో వెంకటేశం పరీక్ష తప్పినవాడు. అయినా గిరీశమూ వాడూ కలిసి ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. ఆ ఇంగ్లీషులో సారమేమున్నదో పాఠకుడికి తెలుసు, వెంకమ్మకు తెలియదు. మౌఖిక పరీక్షలో గిరీశానికి 75కు 70 రావనడానికి నాకు ధైర్యం చాలదు.

25 శాతమే కదా, మిగిలినదంతా చదువుకే ఉన్నది కదా అనవచ్చు. ఇది కంటిని మోసగించే లెక్క. ఐచ్ఛిక విషయాల గరిష్ఠం 300 అనుకుందాం. ఇంటర్వ్యూకు 75 అవుతాయి. మెడికల్ సీటు అంచున నిలబడే విద్యార్థులందరూ మంచి మార్కులు తెచ్చుకున్నవారే. వారి మధ్య తేడా పది, ఇరవై మార్కులు. ఒక అమ్మాయికి 240, ఒక అబ్బాయికి 220 వచ్చాయి. ఇంటర్వ్యూలో ఆమెకు 15, అతడికి 60 వేశారు. ఆమె 255 దగ్గర ఆగిపోయింది. అతడు 280కి చేరాడు. రెండేళ్ళ చదువు తెచ్చిన 20 మార్కుల ఆధిక్యాన్ని కొద్ది నిమిషాల సంభాషణ మింగివేసింది. తూకపురాయి బరువు దానిమీద చెక్కిన అంకెలో లేదు. ముల్లును అది ఎంతదూరం కదుపుతుందన్న దానిలో ఉన్నది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. మైసూరు హైకోర్టు ఇంటర్వ్యూ పద్ధతిని తప్పు పట్టలేదుగాని, ఎంపిక సంఘం తన అధికారాన్ని దుర్వినియోగం చేసిందని తేల్చి, జరిగిన ఇంటర్వ్యూలను రద్దుచేసి మళ్ళీ జరపమన్నది. వ్యవహారం సుప్రీం కోర్టుకు వెళ్ళింది. అదే 1964 జనవరి 29 నాటి చిత్రలేఖ కేసు తీర్పు. అధిక సంఖ్యాకుల తీర్పు రాసినది మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. విద్యార్థి శక్తిని కొలిచే పద్ధతులను గురించి విద్యావేత్తలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఇంటర్వ్యూ పద్ధతి అనేక దేశాలలో ఉన్నది. ఒక పద్ధతి దుర్వినియోగమయ్యే అవకాశం ఉన్నంత మాత్రాన ఆ పద్ధతే చెల్లదనరాదు. దుర్వినియోగం జరిగినచోట కోర్టు కల్పించుకోవచ్చు - స్థూలంగా ఇదీ ఆయన వాదం. జస్టిస్ ముధోల్కర్ భిన్నాభిప్రాయం ప్రకటించారు.

పౌరుడి ప్రాథమిక హక్కుల విషయంలో సుబ్బారావుగారికున్న పట్టుదల ప్రసిద్ధమైనది. అంతటి న్యాయమూర్తి ఇక్కడ రుజువు భారాన్ని ఎవరి నెత్తిన పెట్టారో గమనించాలి. దుర్వినియోగం జరిగితే ఆ విద్యార్థే కోర్టుకు రావాలి. పదిహేడేళ్ళ పిల్ల, తలుపు వేసిన గదిలో, ఏ నమోదూ లేని సంభాషణలో తనకు అన్యాయం జరిగిందని ఎలా రుజువు చేస్తుంది? హైకోర్టు దాకా వెళ్ళి గెలవగలిగిన వాళ్ళున్నారు నిజమే. కాని అంతదూరం వెళ్ళగల స్తోమతు కూడా వర్గాన్నిబట్టి వచ్చేదే కదా?

3

మద్రాసులో 1970-71 ప్రవేశాల నాటికి ఈ పద్ధతి మరింత స్పష్టంగా బయటపడింది. వైద్య కళాశాలల ఎంపికలో ఇంటర్వ్యూకు 75 మార్కులు. ఆటలు లేక ఎన్.సి.సి., పాఠ్యేతర సేవ, శరీర దారుఢ్యం, సామాన్య సామర్థ్యం, అభిరుచి - మళ్ళీ అయిదు శీర్షికలు. ఐతే దేనికి ఎన్ని మార్కులో విడివిడిగా వేయకుండా ఎంపిక సంఘాలు అన్నింటికీ కలిపి ఒకే అంకె వేశాయి. అయిదు శీర్షికలూ అలంకారప్రాయమైపోయాయి. పైగా రాష్ట్రాన్ని విభాగాలు చేసి, విభాగానికొక సంఘం చొప్పున ఎంపిక జరిపారు. పెరియకరుప్పన్ కేసులో సుప్రీం కోర్టు ఈ విభాగాల పద్ధతిని కొట్టివేసింది. మార్కులు వేసిన తీరును తప్పు పట్టింది. ఇంటర్వ్యూకు కేటాయించిన మార్కులు హెచ్చుగానే ఉన్నవని, ప్రభుత్వం పునరాలోచించడం మంచిదని జస్టిస్ హెగ్డే రాశారు. ఐనా ఇంటర్వ్యూ పోలేదు.

పదేళ్ళ తరువాత శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వివాదం వచ్చింది. అది వైద్య కళాశాల కాదుగాని వ్యాధి అదే. రాత పరీక్షకు 100, మౌఖిక పరీక్షకు 50. మౌఖికంలో సామాన్య జ్ఞానానికి 15, విషయావగాహనకు 15, పాఠ్యేతర వ్యాపకాలకు 10, వ్యక్తిత్వానికి 10. ఒక్కొక్క విద్యార్థితో రెండు మూడు నిమిషాలకు మించి మాట్లాడలేదని, తల్లిదండ్రులెవరు, ఊరేది అని అడిగి పంపివేశారని పిటిషనర్లు చెప్పారు. అజయ్ హాసియా కేసుగా పేరుపడిన ఈ వివాదంలో, 1980 నవంబరు 13న, జస్టిస్ భగవతి తీర్పు చెబుతూ కళాశాల ప్రవేశాలలో మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులుండడం అన్యాయమన్నారు. అంతేకాదు, ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేస్తే మంచిదని సూచించారు. నా దృష్టిలో ఆ తీర్పులో శాతం కంటె ముఖ్యమైనది ఈ సూచనే. జాడ లేని అధికారానికి జాడ ఉండాలని ఒక న్యాయస్థానం సూచించిన సందర్భమది.

1981లో, ఉద్యోగాల ఎంపికకు సంబంధించిన లీలాధర్ కేసులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుంచి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒక చక్కని విభజన చేశారు. ఉద్యోగానికి వచ్చేవాడు ఎదిగిన మనిషి. అతడి వ్యక్తిత్వాన్ని చూడడానికి ఇంటర్వ్యూ ఉపకరించవచ్చు. కళాశాలలో చేరవచ్చే కుర్రవాడి వ్యక్తిత్వం ఇంకా రూపుకట్టలేదు. అక్కడ రాతకే ప్రాధాన్యం ఉండాలి. ఈ మాటలో న్యాయశాస్త్రంతోపాటు బోధనానుభవం ఉన్న ప్రతివాడూ ఒప్పుకోదగిన సత్యం ఉన్నది. పదిహేడేళ్ళకు నోరు విప్పలేని పిల్లలు ఇరవైరెండేళ్ళకు సభలను నడపడం మనం చూస్తూనే ఉన్నాం. పదిహేడవ ఏట చూసి "ఇతడింతే" అని ముద్రవేయడం విద్య అనే ప్రక్రియనే కాదనడం.

4

ఇది మన దేశపు అవినీతి వల్ల వచ్చిన చిక్కేగాని ఇంటర్వ్యూ దోషం కాదని కొందరంటారు. విదేశాల అనుభవం ఈ ఊరటను కూడా మిగల్చదు.

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి హ్యూస్టన్‌లో ఉన్న వైద్య కళాశాల 1979లో ఇంటర్వ్యూలు ముగించి 150 మందిని ఎంపిక చేసుకున్నది. అంతలో రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని చేర్చుకోమన్నది. అప్పటికి మిగిలినవారు వరుసలో 700కూ 800కూ మధ్య ఉన్నవారు. మొదటివారు తొలి 350 స్థానాలలోనివారు. ఈ రెండు తెగల మధ్య దూరానికి ప్రధాన కారణం చదువులో తేడా కాదు, ఇంటర్వ్యూ చేసినవారి అభిప్రాయం. తరువాత ఈ రెండు తెగలనూ పోల్చి చూసి 1987లో ఫలితాలు ప్రచురించారు. చదువులోనూ, ఆసుపత్రి శిక్షణలోనూ చెప్పుకోదగిన తేడా ఏదీ కనబడలేదు. పెద్దలు గంటలకొద్దీ కూర్చుని వడపోసిన వడపోత దేనినీ వడకట్టలేదన్నమాట.

లండన్‌లో సెయింట్ జార్జెస్ వైద్య కళాశాల కథ ఇంకా విలువైనది. దరఖాస్తులు చూసి ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలో తేల్చే శ్రమ తగ్గించుకోవడానికి అక్కడ ఒక కంప్యూటరు ప్రోగ్రాం తయారుచేశారు. పెద్దల నిర్ణయాలకూ దాని నిర్ణయాలకూ నూటికి 90, 95 వంతులు పొత్తు కుదిరింది. యూరోపియనేతర పేర్లున్నవారికి, స్త్రీలకు మార్కులు తగ్గించడం దానిలో భాగమని జాతి సమానత్వ కమిషన్ 1988లో తేల్చింది. యంత్రం కొత్తగా పక్షపాతం నేర్చుకోలేదు. పెద్దల మనసులో ఉన్నదానిని అంకెలలోకి దించింది. అంకెలలోకి దిగింది కనుకనే పట్టుబడింది. విచిత్రమేమంటే, యూరోపియనేతర విద్యార్థుల శాతం లండన్‌లోని ఇతర కళాశాలలలో చాలావాటికంటె అక్కడే ఎక్కువ. తక్కినచోట్ల ఆ నిర్ణయాలు మాటలలో, కనుసైగలలో జరిగిపోయాయి కాబట్టి అభియోగం మోపడానికి ఆధారం లేకపోయింది.

5

ఇంటర్వ్యూ పక్షాన చెప్పదగిన బలమైన ఉదాహరణ వెల్లూరు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది. నీట్ రాకముందు అక్కడ రాత పరీక్ష తరువాత అభ్యర్థులను పిలిపించి, కొద్ది నిమిషాలు కాక, రోజుల తరబడి గమనించి ఎంపిక చేసేవారు. నీట్‌ను వ్యతిరేకిస్తూ 2017లో ఆ కళాశాల ఎం.బి.బి.ఎస్.లో ఒకే ఒక్క విద్యార్థిని చేర్చుకున్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు మైనారిటీ సంస్థలకు కూడా నీట్ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అక్కడ చదివినవారు మారుమూల ఆసుపత్రులలో పనిచేశారన్నది నిజం. దానిని తక్కువ చేయనక్కరలేదు.

కాని ఆ ఫలితం దేనివల్ల వచ్చింది? చదివించిన మిషను సంస్థలకు తిరిగి సేవ చేస్తానన్న ఒడంబడిక ఉన్నది. ఫీజు తక్కువ, కనుక అప్పు తీర్చడానికి పట్నానికి పరుగెత్తవలసిన అవసరం లేదు. అయిదున్నరేళ్ళూ సేవను గౌరవించే వాతావరణంలో బతికారు. ఇవన్నీ తీసివేసి ఇంటర్వ్యూ ఒక్కటే మిగిల్చి, కోటి రూపాయల ఫీజు వసూలుచేసే కళాశాలలో ప్రవేశపెడితే సేవాభావం పండుతుందా? మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో చట్టం చేయవలసి వచ్చిందని మరువరాదు. డబ్బు సంచీ పట్టుకు తిరిగే చోట, "వ్యక్తిత్వానికి" వేసే మార్కులు సంచీకి మూతి అవుతాయి.

6

అంతమాత్రాన రాత పరీక్ష పవిత్రమైనదని నేననడంలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య ప్రవేశ పరీక్షను సుప్రీం కోర్టు 1971లో సమర్థించింది. వేరువేరు విశ్వవిద్యాలయాల పి.యు.సి. మార్కులను, హెచ్.ఎస్.సి. మార్కులను ఒకే కాటాలో వేయడం కష్టం కనుక అందరికీ ఒకే పరీక్ష అన్న వాదంలో అప్పట్లో న్యాయం ఉన్నది. ఆనాటి సమానత్వ సాధనమే ఈనాడు కోచింగు వ్యాపారానికి పంటపొలమైంది. నీట్ వచ్చిన తరువాత గ్రామీణ విద్యార్థుల, తమిళ మాధ్యమం విద్యార్థుల వంతు తగ్గిందని తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో నివేదించింది. రాత పరీక్షలోనూ వర్గం ఉన్నది. ఇంటర్వ్యూలోనూ వర్గం ఉన్నది. ఐతే రెండింటికీ భేదం లేదా?

ఉన్నది. రాత పరీక్షలో జరిగే అన్యాయానికి జాడ మిగులుతుంది. ప్రశ్నపత్రం ఉంటుంది, జవాబుపత్రం ఉంటుంది, మార్కుల పట్టిక ఉంటుంది. ఏ బడినుంచి, ఏ జిల్లానుంచి, ఏ మాధ్యమంనుంచి ఎందరు వచ్చారో లెక్కతీయవచ్చు. లెక్కతీసి పోరాడవచ్చు. ప్రభుత్వ పాఠశాలలలో చదివి నీట్ ఉత్తీర్ణులైనవారికి 7.5 శాతం సీట్లు ప్రత్యేకించే చట్టం తమిళనాడులో 2020లో వచ్చింది అటువంటి లెక్కవల్లనే. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల జాబితాను 1968లో సుప్రీం కోర్టు కొట్టివేస్తే, అనంతరామన్ కమిషన్ వేసి, 1970లో కొత్త జాబితా చేసి, 1972లో అదే కోర్టుచేత ఔననిపించుకున్నారు. అచ్చయిన నియమం ఓడిపోయినా మళ్ళీ నిలబడగలదు. ఇంటర్వ్యూ గదిలో ఓడిపోయిన పిల్లకు ఏ నియమం వల్ల ఓడిపోయిందో కూడా తెలియదు.

కనుక మిత్రులారా, దయగల డాక్టర్లు కావాలంటే దయను అడిగి తెలుసుకునే గది కట్టవద్దు. పేదవాడి ఇంటినుంచి వచ్చిన పిల్లకు రోగి బాధ కొత్తగా నేర్పనక్కరలేదు. ఆ పిల్ల కళాశాలలోకి రావడానికి నియమం కావాలి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు, గ్రామీణులకు సీట్లు చట్టంలో రాసి ఇవ్వమని అడుగుదాం. ప్రైవేటు కళాశాలల ఫీజులకు హద్దు కట్టమని అడుగుదాం. ఒక్క రోజు పరీక్షకు బదులు, బడి చదువుకు కూడా విలువకట్టే విధానం కావాలని అడుగుదాం. సేవాభావాన్ని ప్రవేశద్వారం దగ్గర కాక, అయిదున్నరేళ్ళ శిక్షణలోనూ, ఆ తరువాత పల్లె ఆసుపత్రిలోనూ పరీక్షించమందాం. అధికారుల విచక్షణను నమ్మి పేదవర్గాలు బాగుపడిన దాఖలా డెబ్బయి ఏళ్ళ ఈ చరిత్రలో నాకు కనబడలేదు. సంపాదించుకున్నదంతా అచ్చయిన అక్షరం మీద నిలబడి పోరాడి సంపాదించుకున్నదే.